పడవలు వెళ్ళాయి, పీపాలు మిగిలాయి: కొలియూర్ లెక్క

పిరనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగిపోయే చోట, ఫ్రాన్సు దక్షిణపు కొసన కొలియూర్ అనే చిన్న ఊరుంది. జనాభా సుమారు 2,400. ఒక పక్క రాజుల కాలపు కోట, ఇంకో పక్క నీళ్ళ అంచునే నిలబడ్డ చర్చి, మధ్యలో నెలవంక ఆకారపు చిన్న తీరం. చర్చి గంటల గోపురం పూర్వం రేవుకు దారి చూపిన దీపస్తంభం. ఈ ఊరి పోస్టుకార్డుల్లో కనిపించేది ఇదే దృశ్యం. వందేళ్ళ కిందటి ఫొటో తెచ్చి పక్కన పెడితే ఒక్క తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పాత ఫొటోలో ఇసుక కనబడదు. ఇసుకంతా పడవలు, వలలు.

ఆ ఇసుక ఎలా ఖాళీ అయింది? పర్యాటకం వచ్చి చేపల వేటను తరిమేసిందని చాలామంది తేల్చేస్తారు. కొలియూర్ విషయంలో అది సరికాదు. పడవలు పోయిన కారణాలు వేరు, సందర్శకులు వచ్చిన కారణాలు వేరు. రెండూ ఒకే కాలంలో, ఒకే ఇసుక మీద కలిశాయి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఊరి చేతిలో ఉన్నదేదో, లేనిదేదో తెలియదు. చేతిలో లేనిదాని కోసం బాధపడుతూ, ఉన్నదాన్ని పోగొట్టుకునే ప్రమాదం తీరప్రాంతపు ఊళ్ళన్నిటికీ ఉంది.

ఇసుక ఒక పనిచోటు

20వ శతాబ్దం మొదట్లో కొలియూర్‌లో వందకు పైగా వేట పడవలుండేవి. వాటిని కాటలన్ పడవలంటారు. పదిమీటర్లకు అటూ ఇటూ పొడవు, రెండు కొసలూ కోసుగా, కాస్త ముందుకు వంగిన తెరచాప కొయ్య, దాని మీద ఏటవాలుగా ఒక పొడవాటి వాసం, ఆ వాసానికి కట్టిన ముక్కోణపు తెరచాప. పడవ అడుగున మధ్య దూలానికి రెండు పక్కలా రెండు కర్ర పట్టీలుండేవి. పడవను ఒడ్డుకు లాగినప్పుడు పక్కకు ఒరగకుండా నిటారుగా నిలబెట్టేవి అవే. కొలియూర్‌లో పెద్ద రేవు లేదు. వేట నుంచి వచ్చిన పడవను కొవ్వు పూసిన దుంగల మీదుగా ఇసుక పైకి లాగాల్సిందే. కాబట్టి తీరమే రేవు, తీరమే మరమ్మతు షెడ్డు.

వలలది ఇంకో కథ. అప్పటి వల నూలు వల. సాయంత్రం చీకటి పడేటప్పుడు దాన్ని నీళ్ళలో తెరలా నిలువుగా వదిలేవారు. పైన బెండు ముక్కలు, కింద సీసపు గుండ్లు. ప్రవాహంతో పాటు కదిలే ఆ తెరలో ఆంచోవీ, సార్డీన్ చేపల మొప్పలు చిక్కుకునేవి. తడిసిన నూలు వల ఎండకపోతే కుళ్ళుతుంది. అందుకని వేట నుంచి రాగానే వలను తీరం పొడుగునా పరిచి ఆరబెట్టేవారు, చిరుగులు కుట్టేవారు. ఆరబెట్టడమొక్కటే చాలదు. కొన్నాళ్ళకోసారి చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో వలను ముంచి తీయాలి. బెరడులోని వగరు నూలును కుళ్ళకుండా కాపాడుతుంది. వలలకు ఎర్రమట్టి రంగు వచ్చేది దీనివల్లే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వల వచ్చింది. అది కుళ్ళదు. బెరడు కషాయం అక్కర్లేదు, రోజూ ఆరబెట్టక్కర్లేదు. మోటారు ఉన్న బరువైన పడవను ఇసుక మీదికి లాగడం వీలుకాదు, అది నీళ్ళలోనే లంగరు వేసి ఉండాలి. ఈ రెండు మార్పులూ తీరాన్ని ఖాళీ చేశాయి. ఈత దుస్తుల్లో జనం పెద్ద సంఖ్యలో దిగేనాటికి ఆ ఇసుకతో వేటకు ఉన్న అవసరం అప్పటికే సగం తీరిపోయింది. తువ్వాళ్ళు పరిచింది ఖాళీ చోట్లో.

పడవ ఎందుకు పోయింది

మోటారు తర్వాత వచ్చినది లాంపారో పద్ధతి. వెన్నెల లేని రాత్రి చిన్న దోనెలో పెద్ద దీపం వెలిగించి సముద్రం మధ్య నిలబెడతారు. వెలుతురుకు చేపలు గుంపుగా పైకి వస్తాయి. పెద్ద పడవ ఆ గుంపు చుట్టూ వలను వలయంగా తిప్పి, అడుగున ఉన్న తాడు లాగుతుంది. సంచి మూతి బిగించినట్టు వల అడుగు మూసుకుపోతుంది. పాత వలలో ఒక రాత్రి దొరికే చేపకు ఎన్నో రెట్లు ఒక్క వేటలో దొరికేది. కానీ ఆ పనికి పెద్ద పడవ, పెద్ద బృందం, లోతున్న రేవు, ఐసు, లారీ కావాలి. కొలియూర్ ఖాతంలో లోతు తక్కువ. తూర్పు గాలి లేస్తే అలలు నేరుగా లోపలికి కొడతాయి. కొండ మలుపు తిరిగితే దక్షిణాన పోర్-వాండ్ర్ ఉంది. కొండల మధ్య ఒదిగిన సహజమైన లోతైన రేవు. పడవలు అటు వెళ్ళాయి. ఆ తర్వాత నీటి మధ్య పొరల్లో వల లాగే ట్రాలర్లు వచ్చాయి. వాటికి కొలియూర్ ఖాతం ఏమాత్రం సరిపోదు.

1983లో యూరప్ దేశాల ఉమ్మడి మత్స్య విధానం మొదలైంది. పడవలు ఎక్కువ, చేప తక్కువ అని తేలాక పడవలను తగ్గించే పథకాలు వచ్చాయి. ఫ్రాన్సులో 1991 నాటి మెలిక్ ప్రణాళిక వాటిలో పెద్దది. పడవ యజమానికి ప్రభుత్వం డబ్బిస్తుంది, పడవను వేట నుంచి శాశ్వతంగా తప్పించాలి. ఆచరణలో దాని అర్థం చాలాచోట్ల పడవను ముక్కలు చేయడమే. వయసు మీదపడ్డ మత్స్యకారులకు అది గౌరవంగా తప్పుకునే దారి, వారిని తప్పు పట్టలేం. కానీ ఐరోపా తీరమంతటా ఎన్నో కర్ర పడవలు అలా రంపం కింద పోయాయి. వాటితోపాటు వాటిని చెక్కే చేతులూ పోయాయి. ఇవాళ కొలియూర్ నీళ్ళలో రంగులు వేసి కట్టి ఉంచిన కొద్దిపాటి కాటలన్ పడవలు ఈ వాత పడకుండా మిగిలినవి. సంఘాలు, ఔత్సాహికులు వాటిని నిలబెట్టుకొస్తున్నారు.

అలాంటి పడవను కాపాడటంలో ఒక మెలకువ ఉంది. అందంగా ఉంటుందని గట్టు మీద ప్రదర్శనకు పెడితే చెడిపోతుంది. ఎండకు పలకలు కుంచించుకుపోయి, సందుల్లో కూరిన పీచు వదులై, మళ్ళీ నీళ్ళలో దింపితే కారుతుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే పలకలు చీలిపోతాయి. కర్ర పడవ నీళ్ళలో ఉండాలి, ఏడాదికోసారి పైకి తీసి, అడుగు గీకి, సందులు కూరి, రంగు వేసి మళ్ళీ దింపాలి. ఖర్చు ఏటా తప్పదు. నాలుగు రోడ్ల కూడలిలో పూలమొక్కల మధ్య పడవను అలంకారంగా నిలబెట్టే ఊళ్ళు, నిజానికి దాన్ని నెమ్మదిగా చంపుతున్నాయి.

ఇక చేప సంగతి. కొలియూర్ ముందున్న సముద్రం లయన్ ఖాతం. అందులో 2008 ప్రాంతం నుంచి చేప సైజు తగ్గిపోయింది. సార్డీన్ సగటు పొడవు సుమారు 15 సెంటీమీటర్ల నుంచి 11కు, బరువు 30 గ్రాముల నుంచి 10కి పడిపోయింది. ఆంచోవీ కూడా చిక్కిపోయింది. ఫ్రాన్సు సముద్ర పరిశోధన సంస్థ ఇఫ్రెమెర్ దీన్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. మితిమీరిన వేటో, ట్యూనాలు మింగడమో, రోగమో అనుకున్నవారికి దొరికిన సమాధానం వేరు. ప్రధాన కారణం తిండి మారడం. చేపలు తినే ప్లవకాలు, అంటే నీళ్ళలో తేలాడే అతి చిన్న జీవులు, మునుపటికంటే చిన్నవయ్యాయి. చిన్న తిండిని ఏరుకోవడానికి చేప ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. పెరగడానికి మిగలదు, ముసలి చేపలు బతకవు. మధ్యధరాలో 9 సెంటీమీటర్ల కంటే చిన్న ఆంచోవీని పట్టకూడదని నిబంధన ఉంది. చట్టం ఒప్పుకునే సైజు ఉన్నా ఉప్పులో వేయడానికి అది పనికిరాదు. ముల్లు తీసి ముక్కలు విడదీసేసరికి చేతిలో ఏమీ మిగలదు. చేప ఉండి కూడా సరుకు లేకపోవడమంటే ఇదే. పెద్ద పడవలు వేట మానుకున్నాయి.

మోటారు, నైలాన్, బ్రస్సెల్స్‌లో జరిగే యూరప్ నిర్ణయాలు, ప్లవకాలు. వీటిలో ఏ ఒక్కటీ కొలియూర్ మున్సిపాలిటీ చేతిలో లేదు.

సందర్శకులు వచ్చిన దారి

రైలు 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. సముద్రం అంచునే సాగి సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్ళే మార్గం అది. మొదట్లో దాని వల్ల లాభపడింది చేపే. ఉప్పు పీపాలు, తాజా చేప లోపలి నగరాలకు త్వరగా చేరాయి. తిరుగు ప్రయాణంలో అదే రైలు మనుషులను తెచ్చింది.

1905 మే నెలలో ఆన్రీ మతీస్ ఆ రైలు దిగాడు. జులైలో ఆంద్రె దెరాన్ వచ్చి చేరాడు. ఆ ఒక్క వేసవిలో వాళ్ళు వేసిన బొమ్మలు శరదృతువులో పారిస్ ప్రదర్శనకు వెళ్ళాయి. ఎర్రటి ఇసుక, నారింజ రంగు కొయ్యలు, గులాబీ నీళ్ళు చూసిన ఒక విమర్శకుడు ఈ చిత్రకారులను క్రూరమృగాలన్నాడు. ఫ్రెంచిలో ఫోవ్. చిత్రకళ చరిత్రలో ఒక ఉద్యమానికి పేరు అలా వచ్చింది. మతీస్ వేసిన తెరిచిన కిటికీ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలో ఉంది. కిటికీ బయట నీటి మీద ఊగుతున్నవి విహార నౌకలు కావు, ఊరివాళ్ళ వేట పడవలు. ఊరు ఇప్పుడు ఆ చిత్రకారులు ఈజిల్ నిలబెట్టిన చోట్ల బొమ్మల నకళ్ళను చట్రాల్లో పెట్టింది. ఇరవై దాకా ఉన్నాయి. నిలబడి బొమ్మనూ, బొమ్మ వెనకున్న తీరాన్నీ పోల్చుకోవచ్చు. బొమ్మలో పడవలు, వెనక గొడుగులు.

అయితే చిత్రకారుల వల్ల ఊరు పర్యాటకపు ఊరు కాలేదు. అది సెలవు చట్టాల వల్ల అయింది. 1936లో ఫ్రాన్సు కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు వచ్చింది. 1956లో మూడో వారం, 1969లో నాలుగో వారం, 1982లో ఐదో వారం. ప్రతి వారమూ తీరానికి కొత్త జనాన్ని పంపింది. 1963లో ప్రభుత్వం రసీన్ మిషన్ అనే పథకం మొదలుపెట్టి, ఉత్తరాన ఇసుక దిబ్బల తీరంలో దోమలను నిర్మూలించి లా గ్రాంద్-మోత్, పోర్ బార్కారెస్ లాంటి సెలవు పట్టణాలను కొత్తగా కట్టింది. కొలియూర్ వైపు రాతి కొండలు, అంత చదునైన నేల లేదు. అందుకే కాంక్రీటు భవనాల వరసలు అక్కడ లేవలేదు. కానీ ఆ కొత్త పట్టణాల్లో సెలవు గడిపేవాళ్ళకు ఒక పూట చూసి రావడానికి పాత ఊరు కావాలి. కొలియూర్ ఆ ఊరైంది. పగటి సందర్శకుల సమస్య అక్కడ మొదలైంది: ఊరికి పన్ను కట్టేది రాత్రి బస చేసేవాళ్ళు, రోడ్లు నింపేది పగలొచ్చి వెళ్ళేవాళ్ళు.

ఊరికి ఒక అదృష్టం కలిసొచ్చింది. కొండవాలులో ఉన్న ద్రాక్షతోటలు. పలకరాతి మెట్ల మీద పెరిగే ఈ తోటల్లో చలికాలం పని చేసి, వేసవిలో సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. బాన్యుల్స్ తియ్యటి వైన్‌కు 1936లో, కొలియూర్ వైన్‌కు 1971లో ప్రాంతీయ గుర్తింపు రావడంతో ఆ వాలు భూములకు విలువ నిలిచింది. 1986 జనవరి 3 నాటి తీర చట్టం, ఊరి వెలుపల నీటి అంచు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలను ఆపింది. కొండ మీద ద్రాక్ష, కింద చట్టం. ఊరు విస్తరించకుండా ఉన్నది ఈ రెంటి మధ్య నలగడం వల్లే. ఉన్న ఇళ్ళ ధరలు పెరగడానికీ అదే కారణం.

ఉప్పు గది లోపల

వేట వెళ్ళిపోయినా ఊళ్ళో మిగిలిన పని ఆంచోవీని ఉప్పులో మాగబెట్టడం. ఒకప్పుడు పన్ను కట్టకుండా ఉప్పు వాడుకునే హక్కు కొలియూర్‌కు ఉండేది. ఫ్రాన్సు అంతటా ఉప్పు మీద భారీ పన్ను ఉన్న రోజుల్లో అది పెద్ద వరం. ఆ పునాది మీద లేచిన ఉప్పు ఇళ్ళు 19వ శతాబ్దంలో పదుల్లో ఉండేవి. ఇప్పుడు రెండే: 1870లో మొదలైన రోక్, 1903లో మొదలైన దెక్లో.

మన తీరంలో నెత్తళ్ళంటే తెలియని ఇల్లుండదు. ఆంచోవీ ఆ కుటుంబపు చేపే. మనవాళ్ళు నెత్తళ్ళను ఎండబెడతారు. కొలియూర్‌లో చేప ఎండను చూడదు. అక్కడ జరిగేది మాగాయ ముక్కలను ఉప్పులో ఊరబెట్టడానికి దగ్గరగా ఉంటుంది: ఉప్పు, బరువు, ఊట, ఓపిక.

చేప రాగానే గల్లుప్పు కలిపి కాసేపు ఉంచుతారు. చేప గట్టిపడి, నెత్తురు, నీరు కొంత దిగుతుంది. తర్వాత తల తీయడం. కత్తి వాడరు. బొటనవేలు, చూపుడువేలు మధ్య తలను పట్టుకుని మెలి తిప్పి లాగితే పేగులు తలతోపాటే వచ్చేస్తాయి. ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళది. తల తీసిన చేపలను పీపాలో పొర పొరగా పేరుస్తారు: పువ్వు రేకుల్లా గుండ్రంగా ఒక వరస చేప, మీద ఉప్పు, మళ్ళీ చేప. పీపా నిండాక మూత పెట్టి బరువు ఎత్తుతారు. బరువుకు చేపలోంచి ఊట దిగి పైకి తేలుతుంది. ఆ ఊట చేపను పూర్తిగా కప్పి ఉంచాలి, గాలి తగలకూడదు. తక్కువైతే ఉప్పునీళ్ళు పోయాలి. ఆ నీళ్ళు సంతృప్త ద్రావణమై ఉండాలి, అంటే నూటికి 26 వంతుల ఉప్పు. అంతకుమించి నీళ్ళు ఉప్పును కరిగించుకోలేవు.

మాగడానికి మూడు నెలలకు తక్కువ పట్టదు. చేపలోనే ఉండే ఎంజైములు మాంసాన్ని మెల్లగా విడగొట్టి రుచి పుట్టిస్తాయి. గది వేడిగా ఉంటే త్వరగా, చల్లగా ఉంటే నెమ్మదిగా. మాగిందో లేదో చూడటానికి అనుభవం ఉన్నవాళ్ళు ఒక చేప తీసి వెన్ను వెంట చీలుస్తారు. మాంసం తెల్లగా ఉండి ముల్లును వదలకపోతే ఇంకా సమయం కావాలి. ముల్లు దగ్గర గులాబీ గోధుమ రంగు తిరిగి, ముక్క శుభ్రంగా ఊడొస్తే సిద్ధం. మరీ ఎక్కువ మాగితే ముక్క చేతిలో మెత్తబడి విరిగిపోతుంది.

పాడయ్యే దారులు మూడున్నాయి. ఒకటి ఉప్పు. సన్నటి ఉప్పు వేస్తే పైపొర గబగబా గట్టిపడి లోపలికి ఉప్పు దిగదు. పైకి బాగున్న చేప లోపల కుళ్ళుతుంది. గల్లుప్పు నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి లోపలిదాకా వెళుతుంది. రెండోది కొవ్వు. ఊట మీద నూనె తేలుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసేయకపోతే పాత నూనె వాసన పట్టి పీపా మొత్తం చెడుతుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదం: హిస్టమిన్. చేప పట్టాక ఐసులో పెట్టడం ఆలస్యమైతే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తయారయ్యాక వండినా పోదు. తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. యూరప్ నిబంధన ప్రకారం ఇలా ఉప్పులో మాగిన చేప నుంచి తొమ్మిది నమూనాలు తీస్తే ఒక్కటి కూడా కిలోకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు గదిలో ఎంత శుభ్రత పాటించినా పడవ మీద జరిగిన ఆలస్యాన్ని సరిదిద్దలేరు.

మాగిన చేపను కడిగి, చేత్తో రెండు ముక్కలుగా విడదీసి, నీరు పీల్చే కాగితం మీద ఆరబెట్టి, నూనెలో పేర్చి సీసాలకెత్తుతారు. ముక్కలు చేయకుండా ఉప్పులో ఉన్నది ఉన్నట్టు కూడా అమ్ముతారు. అది కొన్నవాళ్ళు పావుగంటో అరగంటో చల్లటి నీళ్ళలో నానబెట్టి, ముల్లు తీసి తినాలి. ఊరివాళ్ళు దాన్ని కాల్చిన ఎర్ర క్యాప్సికం చీలికలు, ఉడికించిన గుడ్డు, వెల్లుల్లి, పార్స్లీ ఆకుతో వడ్డిస్తారు.

కొలియూర్ ఆంచోవీకి 2004లో యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు షరతులు చదివితే ఊరు ఎంత దూరం ఆలోచించిందో తెలుస్తుంది. చేప కొలియూర్ సముద్రంలోనిదే కావాలని అందులో లేదు. జాతి అదే కావాలి, మధ్యధరాదైనా అట్లాంటిక్‌దైనా ఫరవాలేదు. తల తీయడం, ఉప్పు వేయడం, మాగబెట్టడం, ముక్కలు చేయడం మాత్రం కొలియూర్‌లో, అక్కడి పద్ధతిలో జరగాలి. గుర్తింపు చేపకు కాదు, చేతి పనికి. ఇది మోసం అనేవాళ్ళున్నారు. ఆ మాట న్యాయం కాదు. ఊరు తన చేతిలో లేని సముద్రాన్ని వదిలి, చేతిలో ఉన్న నైపుణ్యాన్ని పట్టుకుంది. అలా రాసుకోకపోతే లయన్ ఖాతంలో చేప చిక్కిపోయిన ఏడాదే రెండు ఇళ్ళూ మూతపడేవి. ఈ ఏర్పాటుకూ దెబ్బలు తగిలాయి. 2005 నుంచి 2010 దాకా అట్లాంటిక్ వైపున్న బిస్కే అఖాతంలో ఆంచోవీ వేట నిషేధించినప్పుడు అటు నుంచి సరుకు ఆగింది.

ఇక్కడ పర్యాటకం చేసిన మేలు చెప్పుకోవాలి. చేత్తో ముక్కలు చేసే పని ఖరీదైనది. మొరాకోలో అదే పని చవకగా జరుగుతుంది. సూపర్ మార్కెట్ అరలో పక్కపక్కన పెడితే కొలియూర్ సీసా ఓడిపోతుంది. కానీ ఊరికొచ్చినవాళ్ళు ఉప్పు ఇంటి తలుపు తోసి లోపలికొచ్చి, ఒక ఆడమనిషి వేళ్ళతో చేపను విప్పడం చూసి, రుచి చూసి, అక్కడే కొంటారు. మధ్యలో దళారి లేడు. వేటకు ఏ సాయమూ చేయలేని పర్యాటకం ఉప్పు పనిని బతికించింది.

ఇళ్ళ లెక్క

మూరె అనే పాత పేటలో ఇళ్ళు సన్నగా, నిలువుగా ఉంటాయి. కింది గదిలో వలలు, పీపాలు, పైన కుటుంబం. చేప పోయాక ఈ ఇళ్ళే ఊరి ప్రధాన ఆస్తి. కొలియూర్‌లో ఉన్న ఇళ్ళలో సగానికి మించి సెలవు ఇళ్ళు. చలికాలంలో మూసిన కిటికీ తలుపుల వరసలు ఆ మాట చెప్తాయి.

యజమాని ఎందుకలా ఎంచుకుంటాడో ఊహించిన అంకెలతో చూద్దాం. రెండు గదుల ఇల్లు. నెలకు 600 యూరోలకు ఏడాదంతా అద్దెకిస్తే 7,200. సందర్శకులకిస్తే జులై, ఆగస్టుల్లో 9 వారాలు వారానికి 700 చొప్పున 6,300, ముందూ వెనకా 10 వారాలు 450 చొప్పున 4,500. మొత్తం 10,800. ఇందులోంచి బుకింగ్ వెబ్‌సైటుకు 15 శాతం, అంటే 1,620. పందొమ్మిది సార్లు శుభ్రం చేయడానికి 60 చొప్పున 1,140. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ యజమానే కట్టాలి, 800 అనుకుందాం. మిగిలేది 7,240. ఏడాది అద్దెకూ దీనికీ తేడా 40 యూరోలు. డబ్బు కోసమే ఇళ్ళు సందర్శకులకు పోతున్నాయన్నది సగం నిజం. ఈస్టర్‌కు తానే వచ్చి ఉండొచ్చు, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. యజమాని విలువిచ్చేది ఆ స్వేచ్ఛకు.

ఇంత సన్నటి తేడా కాబట్టే పన్ను నిబంధన చిన్నగా మారినా తక్కెడ అటో ఇటో ఒరుగుతుంది. 2024 నవంబరు 19 నాటి చట్టం ఆ పని చేసింది. హోటళ్ళకిచ్చేలాంటి నక్షత్రాల గుర్తింపు లేని సెలవు ఇంటి ఆదాయంలో అంతకుముందు సగానికి పన్ను మినహాయింపు ఉండేది. దాన్ని 30 శాతానికి తగ్గించి, 15,000 యూరోల పరిమితి పెట్టారు. పై ఉదాహరణలో పన్ను పడే మొత్తం 5,400 నుంచి 7,560కి పెరుగుతుంది. అదే ఇల్లు సామానుతో సహా ఏడాదంతా అద్దెకిస్తే సగం మినహాయింపు అలాగే ఉంది, పన్ను పడేది 3,600 మీదే. ఇప్పుడు లెక్క ఏడాది అద్దె వైపే మొగ్గుతోంది.

అదే చట్టం మున్సిపాలిటీలకు కొత్త పనిముట్లిచ్చింది. ఎవరైనా తాముండే ఇంటిని ఏడాదికి 120 రోజుల దాకా సందర్శకులకు ఇవ్వవచ్చు. దాన్ని 90 రోజులకు తగ్గించే అధికారం ఊరికి వచ్చింది. సెలవు ఇళ్ళు 20 శాతం దాటిన ఊళ్ళు, కొన్ని పేటల్లో కొత్తగా కట్టే ఇళ్ళు శాశ్వత నివాసానికే అని తమ ప్రణాళికలో రాసుకోవచ్చు. ఈ నిబంధన కొత్త ఇళ్ళకే వర్తిస్తుంది. కొలియూర్ లాంటి నిండిపోయిన ఊళ్ళో కొత్త ఇల్లు కట్టేదే తక్కువ. చట్టం పదేళ్ళ ముందు వచ్చుంటే ఫలితం వేరుగా ఉండేది.

రాత్రి బస చేసే ప్రతి పెద్ద మనిషి బస పన్ను కడతాడు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు లేదు. 2024 నుంచి ఈ ప్రాంతంలో దాని మీద 34 శాతం అదనం పడుతోంది. ఆ సొమ్ము మోంపెలియే నుంచి పెర్పిన్యాకు కొత్త రైలు మార్గం వేయడానికి. సందర్శకులను తెచ్చిన రైలుకు ఇప్పుడు సందర్శకులే ఖర్చు పెడుతున్నారు.

తీరం సంగతి కొంత నయం. ఫ్రాన్సులో తీరం ప్రభుత్వ ఆస్తి. గొడుగులు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారికి ఊరు కొంత భాగమే కేటాయించగలదు. సహజ తీరంలో పొడవులోనూ, వైశాల్యంలోనూ 80 శాతం ఖాళీగా, అందరికీ ఉచితంగా ఉండాలి. సీజన్ అయ్యాక సామాను తీసేయాలి. పడవలను లాగిన ఇసుక ఎవరి సొంతమూ కాలేదు, అదొక ఊరట.

నీళ్ళ కొరత మాత్రం పెద్ద సమస్య. 2022లో మొదలైన తీవ్రమైన కరవు ఈ జిల్లాను కొన్నేళ్ళు పీడించింది. తోటలకు, ఈత కొలనులకు నీళ్ళ మీద ఆంక్షలు పెట్టారు. మురుగునీటి కేంద్రాన్ని ఆగస్టు జనానికి సరిపోయేలా కట్టాలి, ఫిబ్రవరిలో కొద్దిమంది కోసం నడపాలి. ఆ ఖర్చు ఏడాదంతా ఉండేవాళ్ళ మీదా పడుతుంది.

వేటా, సందర్శకులూ కలిసున్న చోటు

ఫ్రాన్సు వాయవ్య కొసన బ్రిటనీలోని లె గిల్వినెక్ కూడా కొలియూర్ అంత ఊరే. అక్కడ వేట ఇంకా ఉంది, అది చూడ్డానికే జనం వస్తారు. 2000లో వేలం పాట జరిగే భవనం మీద హాలియోతికా అనే సందర్శన కేంద్రం తెరిచారు. సాయంత్రం నాలుగున్నర, ఐదు ప్రాంతంలో ట్రాలర్లు బతికున్న లాంగూస్తీన్ రొయ్యలతో వరసగా రేవులోకి వస్తాయి. పైనున్న డాబా మీద జనం నిలబడి చూస్తారు, తర్వాత వేలం చూస్తారు.

రెండు ఊళ్ళకూ తేడా ఎక్కడుంది? వేళలో. లె గిల్వినెక్ పడవలు తెల్లవారుజామున వెళ్ళి సాయంత్రానికి వస్తాయి, సందర్శకుడు మెలకువగా ఉండే వేళకు. కొలియూర్ లాంపారో రాత్రంతా పనిచేసి తెల్లవారకముందే చేప దించేది. ఆ పని ఎప్పుడూ సందర్శకుడి కంట పడలేదు. కంట పడని పనికి ఊళ్ళో స్థలం కావాలని వాదించేవాళ్ళు తక్కువ. లె గిల్వినెక్ కూడా నిశ్చింతగా లేదు. బ్రెక్సిట్ తర్వాత బ్రిటిష్ జలాల్లో వేట తగ్గడంతో 2023లో ఫ్రాన్సు మొత్తం మీద సుమారు 90 పడవలను డబ్బిచ్చి రద్దు చేశారు. అందులో ఆ ప్రాంతపు పడవలు చాలా ఉన్నాయి. డాబా మీద జనం ఉన్నారు, రేవులోకి వచ్చే పడవలు తగ్గాయి.

కొలియూర్‌కు ఇప్పుడు ముఖ్యం కింది అంతస్తులు. పీపాలకు చల్లటి, గట్టి నేల ఉన్న గది కావాలి. మాగే పీపాను పై అంతస్తుకు ఎక్కించలేరు. సరిగ్గా అలాంటి గదులే రెస్టారెంట్లకూ కావాలి, తీరం ఎదురుగా, వీధి మట్టంలో. అద్దె పోటీలో ఐస్‌క్రీమ్ ముందు ఉప్పు నిలవదు. ఫ్రాన్సు పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం, ఫలానా వీధిలో కింది అంతస్తు చేతి వృత్తులకు, చిల్లర దుకాణాలకు అని ఊరు గీత గీసుకోవచ్చు. పైన సందర్శకులుండొచ్చు, కింద పీపాలు. జులైలో తల తీసి పేర్చిన చేప అక్టోబరులో మాగుతుంది. అప్పటికి గొడుగులు మడిచేసి ఉంటారు, పై కిటికీలు మూసి ఉంటాయి. కింది గదిలో దీపం వెలిగించి, బరువు దించి, మూత తీసి, ఒక చేపను వెన్ను వెంట చీల్చి రంగు చూస్తారు.